పబ్లిసిస్టు : పద చరిత్ర, వృత్తి ధర్మం

హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానానికి మూలమైన 1945 నాటి శాసనంలో 38వ అధికరణం ఒకటి ఉన్నది. రెండు దేశాల మధ్య తగవు తీర్చవలసి వచ్చినప్పుడు న్యాయమూర్తులు వేటిని ప్రమాణంగా స్వీకరించాలో అది వివరిస్తుంది. దేశాలు చేసుకొన్న ఒడంబడికలు మొదటివి. ఆచారంగా స్థిరపడిన నియమాలు రెండవవి. దేశాలు అంగీకరించిన సామాన్య న్యాయసూత్రాలు మూడవవి. వీటిని నిర్ణయించుకోవడానికి తోడ్పడే ఉపసాధనాలుగా న్యాయస్థానాల తీర్పులను, వివిధ దేశాలకు చెందిన మిక్కిలి అర్హులైన ‘పబ్లిసిస్టు’ల బోధనలను గ్రహించవచ్చునని ఆ అధికరణం చెబుతున్నది. నేటి విద్యార్థి ఎవరైనా ఈ వాక్యం చదివితే తెల్లబోక తప్పదు. పబ్లిసిస్టు అనగానే మనకు స్ఫురించేది సినిమా తారకో, వ్యాపార సంస్థకో, రాజకీయ నాయకునికో పేరు తెచ్చిపెట్టడానికి జీతం పుచ్చుకొనే ప్రచార నిపుణుడు. దేశాల సరిహద్దు తగవులు తీర్చే న్యాయమూర్తులకు అతని బోధనలతో పని ఏమిటి?

ఈ చిక్కుకు సమాధానం ఆ మాట నడచివచ్చిన దారిలో దొరుకుతుంది. లాటిన్ భాషలో ‘పాపులుస్’ అంటే జనం. ‘పబ్లికుస్’ అంటే జనానికి సంబంధించినది. ఆ మూలం నుంచి ఫ్రెంచి భాష ద్వారా ఇంగ్లీషులోకి వచ్చిన పబ్లిసిస్టు అనే పదానికి మొదటి అర్థం ప్రజాధికారానికీ రాజ్యాలకూ సంబంధించిన న్యాయశాస్త్రంలో పండితుడు అని. తరువాత ప్రజా విషయాలపై రచనలు చేసేవాడనీ, చివరకు ఒక వ్యక్తికో సంస్థకో ప్రచారం చేసిపెట్టేవాడనీ అర్థం మారింది.

అర్థపరిణామ పాఠం చదివిన మన తెలుగు విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. ఒకప్పుడు నువ్వుల నుంచి తీసినదానికి మాత్రమే చెల్లిన ‘నూనె’ అనే మాట నేడు వేరుశనగ నూనెకు, కొబ్బరి నూనెకు కూడా చెల్లుతున్నది, అది అర్థవ్యాకోచం. ఒకప్పుడు వస్త్రమాత్రాన్ని తెలిపిన ‘చీర’ నేడు స్త్రీలు కట్టే వస్త్రానికే పరిమితమైనది; అది అర్థసంకోచం. వేదం చదివిన వానికి గౌరవనామమైన ‘ఛాందసుడు’ నేడు ఎగతాళి మాటగా మారినది, భగవత్సేవను తెలిపిన ‘కైంకర్యం’ ఇతరుల సొమ్ము కాజేయడాన్ని కూడా చెబుతున్నది, అది అర్థగ్రామ్యత. పబ్లిసిస్టు అనే పదం ఈ మూడు మార్గాలలోనూ నడిచింది. మాటలు వాటంతట అవి మారవు. వాటిని వాడే సమాజం మారినప్పుడు వాటి అర్థం మారుతుంది. కనుక ఈ పదచరిత్రను పరిశీలిస్తే ‘పబ్లిక్’ అనబడే జనానికి లోకం ఇచ్చిన స్థానం ఎలా మారుతూ వచ్చినదో కూడా బోధపడుతుంది.

మొదటి అర్థాన్ని తీసుకొందాం. 1625లో యుద్ధ శాంతి ధర్మాలపై ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించిన డచ్చి పండితుడు హ్యూగో గ్రోషియస్, 1758లో దేశాల మధ్య చెల్లే న్యాయంపై గ్రంథం వెలువరించిన స్విస్ పండితుడు వాట్టెల్ మొదలైనవారిని ఈ అర్థంలో పబ్లిసిస్టులు అనేవారు. వారి మాటకు సైన్యబలం లేదు. పాండిత్యం, నిష్పాక్షికత అనే రెండే వారి బలాలు. గ్రోషియస్‌కు ఎనిమిది శతాబ్దాలు ముందే, 805లో మరణించిన ఇమామ్ ముహమ్మద్ అల్ షైబానీ ‘సియర్’ పేరిట యుద్ధంలోనూ శాంతిలోనూ ఇతర రాజ్యాలతో మెలగవలసిన నియమాలను శాస్త్రంగా కూర్చారు. ఆ సంప్రదాయాన్ని ఆధునిక పరిశోధనకు అందించిన వారిలో అగ్రగణ్యుడు మన హైదరాబాదు వాడే. 1908లో ఇక్కడ జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ‘ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్’ అనే గ్రంథంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయాన్ని సవివరంగా ప్రతిపాదించారు. 1948లో నిజాం ప్రభుత్వ ప్రతినిధి వర్గంతో ఐక్యరాజ్య సమితికి వెళ్లిన ఆయన, తరువాత పారిస్‌లో స్థిరపడి పరిశోధన సాగించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. 38వ అధికరణం ఉద్దేశించిన పబ్లిసిస్టు ఎటువంటివాడని అడిగితే, అటువంటివాడని మనం చెప్పుకోవచ్చు.

పత్రికలు పెరిగిన కొద్దీ రెండవ అర్థం బలపడింది. న్యాయగ్రంథం పండితులకే అందుతుంది. వార్తాపత్రిక చదువు వచ్చిన ప్రతివానికీ అందుతుంది. రాజ్యం ఎలా నడుస్తున్నది, పన్నులు ఏమవుతున్నవి, పాఠశాలలు ఎందుకు లేవు అని పత్రికా ముఖంగా ప్రశ్నించి, ప్రజాభిప్రాయాన్ని తీర్చిదిద్దే రచయితను పబ్లిసిస్టు అన్నారు. ఇది అర్థవ్యాకోచం. జర్మన్, రష్యన్ భాషలలో ఈ పదానికి నేటికీ ఇదే ప్రధానార్థం. మన దేశంలో 1912లో కలకత్తా నుంచి ‘అల్ హిలాల్’ ప్రారంభించిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఈ కోవకు చెందినవారు. ప్రభుత్వ నిర్బంధం వల్ల ఆ పత్రిక 1914లో ఆగిపోగా ఆయన ‘అల్ బలాగ్’ పేరుతో మరొకటి ప్రారంభించారు. తెలంగాణలో సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ స్థాపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణ వినవచ్చినప్పుడు ఆయన ఆవేశంతో సంపాదకీయం వ్రాసి ఊరుకోలేదు. 354 మంది కవులను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. నిందకు ఆధారాలతో బదులు చెప్పడం పబ్లిసిస్టు పనిలో ఉత్తమ భాగం.

ఈ పనికి ప్రాణం చెల్లించినవాడు కూడా మన మధ్యనే ఉన్నాడు. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను నిరసించి, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని వ్రాశాడు. 1948 ఆగస్టులో కార్యాలయం నుంచి ఇంటికి మరలుతుండగా దుండగులు అతనిని హత్య చేశారు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. డాక్టర్ హమీదుల్లా, షోయబుల్లా ఖాన్‌ల రాజకీయ మార్గాలు వేరు. ఒకే నగరం, ఒకే భాష, ఒకే సంవత్సరం ఆ ఇద్దరినీ రెండు దిక్కులకు పంపాయి. అయినా ఒక విషయంలో వారు సమానులు. ఇరువురూ తాము నమ్మినదానిని తమ పేరుతో వ్రాశారు; దాని ఫలితాన్ని తామే అనుభవించారు.

మూడవ అర్థానికి పుట్టినిల్లు అమెరికా. అక్కడి రైల్వేలు, బొగ్గు గనులు, నూనె కంపెనీలు జనం దృష్టిలో చులకన కావడంతో యజమానులకు పత్రికా రచనలో ఆరితేరిన మనుషులు అవసరమయ్యారు. వారిలో మొదటి వరుసవాడు ఐవీ లీ. 1906లో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ ఆయన ఒక సూత్ర ప్రకటన చేశాడు. తమ పని దాపరికం లేకుండా సాగుతుందని, తాము ఎవరి తరఫున మాట్లాడుతున్నామో బహిరంగంగా చెబుతామని, అడిగిన వివరాలు విలేకరులకు అందజేస్తామని దాని సారాంశం. ఈ వృత్తికి ఇంతకంటె మంచి నియమావళి నేటికీ కల్పించడం కష్టం. అయితే 1914లో కొలరాడో రాష్ట్రంలోని లడ్లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాలపై దాడి జరిగి స్త్రీలు, పసిపిల్లలు కూడా మరణించినప్పుడు, గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల పక్షాన ఆయన వెలువరించిన కరపత్రాలలో అసత్యాలు ఉన్నట్లు తేలింది. నియమావళిని వ్రాసినవాడే దానిని నిలుపుకోలేకపోయాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, అమెరికా ప్రభుత్వం ప్రజలను యుద్ధానికి సుముఖులను చేయడానికి ప్రత్యేక సంఘాన్ని నియమించింది. ఆ సంఘంలో పనిచేసిన ఎడ్వర్డ్ బెర్నేస్, మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. యుద్ధకాలంలో ఉపయోగించిన పద్ధతులు శాంతికాలంలో వ్యాపారానికి ఎందుకు పనికిరావని ఆయన ఆలోచించాడు. 1928లో ఆయన వ్రాసిన గ్రంథానికి ‘ప్రోపగాండా’ అనే పేరే పెట్టాడు. 1929లో ఈస్టర్ పండుగనాడు న్యూయార్క్ వీధిలో యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు. స్త్రీ స్వాతంత్ర్యానికి చిహ్నంగా పత్రికలు ఆ దృశ్యాన్ని వర్ణించాయి. దాని వెనుక బెర్నేస్ ఉన్నాడనీ, అతని వెనుక సిగరెట్ల కంపెనీ ఉన్నదనీ చదువరులకు తెలియలేదు. లీ విషయంలో ప్రకటన ఎవరిదో తెలిసింది, అందులోని నిజం లోపించింది. బెర్నేస్ విషయంలో ప్రకటన అనేదే కనిపించలేదు, వార్త ఒకటే కనిపించింది. ఈ రెండవ పద్ధతి మొదటి దానికంటె ప్రమాదకరమైనది. అబద్ధాన్ని నిజంతో ఖండించవచ్చు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియనప్పుడు ఖండించవలసిన అవసరమే మనకు తోచదు.

పబ్లిసిస్టు అర్థం ఇట్లా కుంచించుకొని కొంత నీచత్వాన్ని కూడా పొందింది. మన ‘ప్రచారం’ అనే మాటకూ ఈ గతే పట్టడం గమనార్హం. సంస్కృతంలో సంచారం, వ్యాప్తి అనే అర్థాలున్న ఈ మాట 1918లో గాంధీజీ ప్రేరణతో దక్షిణాదిలో హిందీ ప్రచారం ఆరంభమైనప్పుడు ఎంతో గౌరవం సంపాదించుకొన్నది. హిందీ ప్రచారకులంటే మన ఊళ్లలో పెద్దలు లేచి నిలబడేవారు. నేడు ‘అదంతా ఉత్త ప్రచారమే’ అంటే ‘అది అబద్ధం’ అని అర్థం. ‘బాకా ఊదడం’, ‘డప్పు కొట్టుకోవడం’ అనే పలుకుబడులు కూడా అటువంటివే. వెనుకటి చాటింపునకు ఈ అపఖ్యాతి లేదు. టముకు వేసేవాడు ముందుగా ఎవరి ఆజ్ఞతో చాటుతున్నాడో చెప్పి, ఆ తరువాతనే విషయం చెప్పేవాడు.

ఉర్దూ భాష ఈ విషయంలో మనకు ఒక చక్కని విచక్షణ నేర్పుతుంది. ప్రకటనను ఉర్దూలో ‘ఇష్తిహార్’ అంటారు. తెలుగు కచ్చేరీ కాగితాలలో ‘ఇస్తిహారు’గా కనిపించే ఈ మాట, ‘షొహ్రత్’ అనే మాట ఒకే ధాతువు నుంచి పుట్టినవి. షొహ్రత్ అంటే ప్రసిద్ధి. ‘బలాగ్’, ‘ఇబ్లాగ్’ అనే మాటలది మరొక ధాతువు. దాని అర్థం చేరడం, చేర్చడం. అందుకే జనసామాన్యానికి సమాచారం చేరవేసే విద్యను ఉర్దూలో ‘ఇబ్లాగె ఆమ్మా’ అంటారు. ఒకటి పేరును పెంచే పని. మరొకటి విషయాన్ని చేర్చే పని. పబ్లిసిస్టు ఈ రెండింటిలో దేనిని ప్రధానంగా తలచి పనిచేస్తున్నాడన్నదే అతని విలువను నిర్ణయిస్తుంది.

పేరు పెంచే పని అంతా చెడ్డదని తీర్మానించడం న్యాయం కాదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించి, సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి పరిచయం చేశారని చెబుతారు. ఆయనే 1908లో ‘ఆంధ్రపత్రిక’ను, 1924లో ‘భారతి’ని స్థాపించారు. సరుకును ప్రకటించి ఆర్జించిన ధనంతో భాషకూ, దేశానికీ సేవ చేశారు. పబ్లిసిస్టు అనే మాటకున్న రెండవ అర్థం, మూడవ అర్థం ఆ ఒక్క వ్యక్తిలో కలహం లేకుండా ఇమిడాయి. ఆయన మందును మందుగానే ప్రకటించారు. పత్రికను పత్రికగానే నడిపారు. దేని హద్దు దానికి ఉన్నందువల్ల ఒకదాని పేరు మరొకదానికి మచ్చ తేలేదు.

నేటి పబ్లిసిస్టు దినచర్య ఎటువంటిదో కూడా తెలుసుకోవడం అవసరం. సంస్థలో జరిగిన నూరు విషయాలలో జనానికి పనికివచ్చేవి ఏవో ఏరడం అతని మొదటి పని. పత్రికా ప్రకటన వ్రాయడం రెండవది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అనే ప్రశ్నలకు మొదటి పేరాలోనే జవాబు ఉండాలి; చోటు చాలనప్పుడు ఉపసంపాదకుడు చివరి నుంచి కత్తిరించుకొంటూ వస్తాడు గనుక ముఖ్యాంశం అడుగున ఉంటే అది అచ్చు కాదు. ఫోటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు తప్పులు లేకుండా వ్రాయాలి. పత్రిక అచ్చుకు వెళ్లే వేళ ఎరిగి ప్రకటన పంపాలి. మరునాడు ఏ పత్రిక ఏమి వ్రాసినదో కత్తిరించి అతికించి, జనం తమ సంస్థను గురించి నిజంగా ఏమనుకొంటున్నారో యజమానికి నిర్మొహమాటంగా చెప్పాలి. ఈ చివరి పని చేయగలవారు అరుదు. యజమాని మాట జనానికి చెప్పేవారు కోకొల్లలు. జనం మాట యజమానికి చెప్పగలిగినవాడే నిజమైన పౌర సంబంధాల అధికారి. ప్రమాదమో, అవకతవకో జరిగినప్పుడు దాచిపెట్టే సలహా ఇచ్చేవాడు ఆ క్షణాన ఆప్తుడుగా కనిపించినా, తరువాత సంస్థకు పరమశత్రువవుతాడు.

ఈ వృత్తిలోని ప్రమాదాన్ని మన చట్టాలు గుర్తించకపోలేదు. పత్రికపై ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు అచ్చు వేయాలని 1867 నాటి చట్టమే విధించింది. 2023లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఎన్నికల కరపత్రాలపై ముద్రించినవాని, ప్రకటించినవాని పేర్లు, చిరునామాలు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ ఆదేశిస్తున్నది. డబ్బు పుచ్చుకొని ప్రకటనను వార్తగా అచ్చు వేసే దురాచారంపై 2009 ఎన్నికల అనంతరం ఫిర్యాదులు రాగా, ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా విచారణ జరిపి 2010లో నివేదిక వెలువరించింది. మోసపుచ్చే ప్రకటనలకు వస్తువు తయారు చేసినవారితోపాటు దానిని సిఫారసు చేసిన ప్రముఖులకు కూడా జరిమానా విధించే అవకాశం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. సెల్‌ఫోన్ తెరపై స్నేహితునివలె మాట్లాడుతూ సరుకులను పొగడేవారు డబ్బు పుచ్చుకొన్న సంగతి వెల్లడించాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు చేసింది. ఈ చట్టాలు, నియమాలు కోరేది ముఖ్యంగా రెండింటిని: చెప్పినది నిజమై ఉండాలి, చెప్పినవాడు ఎవరో, ఎవరి తరఫువాడో తెలియాలి.

ఇదంతా మన కళాశాలకు ఏ విధంగా సంబంధించినదని అడగవచ్చు. రెండు విధాలుగా సంబంధించినది. మొదటిది, చేరవేత లోపించినందువల్ల మనకు కలిగే నష్టం. ఉపకార వేతనాల ప్రకటన ఒకటి నోటీసు బోర్డు మీదికి వస్తుంది. ‘అర్హులగు అభ్యర్థులు నిర్ణీత నమూనాలో తగు ధ్రువపత్రాలతో గడువులోగా దరఖాస్తు చేసుకొనవలెను’ అని ఉంటుంది. అర్హత ఏమిటో, ధ్రువపత్రాలు ఏవో, గడువు ఏ తేదీయో ఆ వాక్యంలో లేదు. తండ్రి రిక్షా తొక్కుకొనే ఇంటి నుంచి, తల్లి బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చిన విద్యార్థిని దానిని చదివి తనకు కాదనుకొని వెళ్లిపోతే ఆ తప్పు ఎవరిది? ఆదాయ ధ్రువపత్రం ఏ కార్యాలయంలో ఇస్తారో, బ్యాంకు పుస్తకం నకలు ఎన్ని కావాలో, చివరి తేదీ ఏదో ఉర్దూలోనూ తెలుగులోనూ నాలుగు చిన్న వాక్యాలలో వ్రాసి అంటిస్తే ఒక సంవత్సరం చదువు నిలబడుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగవ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు అడగకుండానే సమాచారం వెల్లడించాలనీ, వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలనీ చెబుతున్నది. చట్టం కోరినదే మంచి పబ్లిసిస్టు చేసే పని.

రెండవది, మనలను గురించి ఇతరులు చేసే ప్రచారం. సంఖ్యలో తక్కువగా ఉన్న ఏ సముదాయాన్ని గురించి అయినా ఊరూ పేరూ లేని మాటలు త్వరగా వ్యాపిస్తాయి. అటువంటి మాట మన చేతి ఫోనులోకి వచ్చినప్పుడు ఉద్రేకపడి మరొక అబద్ధాన్ని ఎదురు పంపడం సులభం. అది మన పక్షాన ఉన్నది గనుక నిజమై ఉంటుందని నమ్మడం ఇంకా సులభం. సురవరంవారు చూపిన మార్గం కష్టమైనది. ఆధారాలు వెదకాలి, లెక్క చూపాలి, కింద సంతకం చేయాలి. మనకు అనుకూలమైన అబద్ధాన్ని కూడా నిరాకరించగల ధైర్యం ఉన్నప్పుడే మనం చెప్పే నిజానికి విలువ కలుగుతుంది. షోయబుల్లా ఖాన్ వ్రాసినది పరాయివారిపై కాదు. తనవారనిపించుకొన్న వారి దౌర్జన్యంపై. ఆయన మాటకు నేటికీ గౌరవం ఉన్నదంటే కారణం అదే.

కనుక ఏ ప్రచార వాక్యం కంటబడినా మనం నాలుగు ప్రశ్నలు వేసుకొందాం. ఇది ఎవరు చెబుతున్నారు? ఎవరి ఖర్చుతో చెబుతున్నారు? దీనికి ఆధారం ఏమిటి? దీనివల్ల జనానికి తెలిసేది ఏమైనా ఉన్నదా, లేక ఒకరి పేరు పెరగడమే ఉన్నదా? మన విద్యార్థులలో కొందరు రేపు పత్రికలలో చేరుతారు; కొందరు సమాచార శాఖలో, ఆసుపత్రులలో, వ్యాపార సంస్థలలో ప్రచార బాధ్యతలు వహిస్తారు. ఉర్దూ, తెలుగు రెండూ వ్రాయగలవారు కావడంవల్ల రెండు వాకిళ్లకు కబురు చేర్చగల యోగ్యత వారికి ఉన్నది. యజమానికి విశ్వాసంగా ఉంటూనే జనానికి అబద్ధం చెప్పకుండా ఉండడం సాధ్యమేనని వారు నిరూపించాలని మన ఆకాంక్ష.

దానికి అభ్యాసం ఇక్కడే ప్రారంభం కావచ్చు. ఈ వార్షిక సంచికలో ప్రతి రచనకూ వ్రాసినవారి పేరు, తరగతి ఉంటాయి. అది అలంకారం కోసం వేసినది కాదు. ఈ మాటకు నేను బాధ్యుడనని ఆ విద్యార్థి ఇచ్చిన హామీ. వచ్చే విద్యా సంవత్సరంలో కళాశాల నోటీసులను ఉభయ భాషలలో సులభంగా తిరగవ్రాసే పని విద్యార్థి సంఘం స్వీకరించి, పాలక సంఘంవారు అందుకు ఒక బోర్డును, కొంత కాగితాన్ని ఇవ్వగలిగితే, పబ్లిసిస్టు అనే మాట పోగొట్టుకొన్న గౌరవంలో కొంతైనా ఈ ఆవరణలో దానికి తిరిగి దక్కుతుంది.